ప్రోటోటైప్ కింద దాక్కున్న పాత బొమ్మను పట్టుకోవడం ఎలా

మీ దగ్గర హీ-మ్యాన్ సిరీస్‌లోని పులి, అదే బ్యాటిల్ క్యాట్, ఉంటే ఒకసారి బయటికి తీయండి. జీను, హెల్మెట్ తీసి పక్కన పెట్టి ఉత్త పులిని హీ-మ్యాన్ పక్కన నిలబెట్టండి. రెండూ ఒకే చేతి పనిలా అనిపించవు. హీ-మ్యాన్ ఒళ్లంతా ఉబ్బిన కండలు, వంగిన మోకాళ్లు, ఎప్పుడు దూకుతాడా అన్నట్టు ఉంటాడు. పులి మాత్రం మామూలు అడవి పులి, పైగా అతనితో పోలిస్తే బాగా పెద్దది. కారణం ఏమిటంటే మాటెల్ కంపెనీ ఆ పులిని హీ-మ్యాన్ కోసం చెక్కనే లేదు. 1970ల్లో వాళ్లే అమ్మిన బిగ్ జిమ్ అనే సిరీస్ ఉంది, ఆ బొమ్మలు దాదాపు 9.5 అంగుళాల ఎత్తు, ఆ కొలతకి చేసిన పులి ఇది. దానికే ఆకుపచ్చ రంగు, నారింజ చారలు వేసి, 5.5 అంగుళాల హీ-మ్యాన్ ఎక్కి కూర్చునేలా జీను తగిలించి 1982లో మళ్లీ అమ్మారు. 1983లో వచ్చిన జోర్ అనే డేగ కథా ఇదే, అదీ బిగ్ జిమ్ డేగే.

ఇది షాపులో అమ్మిన బొమ్మ కాబట్టి ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ప్రోటోటైప్‌ల దగ్గర, అంటే అమ్మకానికి ముందు కంపెనీలో చేసుకునే నమూనా బొమ్మల దగ్గర, పని కష్టమవుతుంది, ఎందుకంటే అవి ఒకటో రెండో ఉంటాయి, చాలావాటిని మనం ఫోటోలోనే చూస్తాం, పైగా డిజైనర్ పాత బొమ్మ ఆనవాళ్లు కనపడకుండా మట్టి, పుట్టీ, రంగు పులిమి ఉంటాడు. మాటెల్‌లో రోజర్ స్వీట్ అనే డిజైనర్ 1980 చివర్లో సరిగ్గా ఇదే చేశాడు. బిగ్ జిమ్ బొమ్మను పోట్లాటకు దిగే భంగిమలో నిలబెట్టి అతికించి, దాని మీద మట్టి దట్టంగా పెట్టి కండలు పెంచి, ప్లాస్టర్‌లో పోత పోయించి, మూడు రకాల వీరులుగా తయారుచేశాడు: ఒకడు ఆటవిక యోధుడు, ఒకడు సైనికుడు, ఒకడు అంతరిక్ష వీరుడు. కంపెనీ పెద్ద రే వాగ్నర్ ఆటవిక యోధుణ్ణి ఎంచుకున్నాడు. హీ-మ్యాన్ రూపం ఎవరిది అన్న విషయంలో మాటెల్‌లోనే ఇంకో డిజైనర్ మార్క్ టేలర్ కాగితం మీద గీసిన బొమ్మలకు ఎంత వాటా, స్వీట్ మట్టి పనికి ఎంత వాటా అని ఇప్పటికీ వాదన ఉంది, ఆ తగువులోకి నేను వెళ్లను. మనకు కావాల్సింది ఒక్కటే, ఆ కండల కింద ఒక బిగ్ జిమ్ ఉన్నాడు. కొండపల్లి బొమ్మలకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికి, ఒంపులు సరిచేసి, పైన రంగు వేస్తే అతుకు ఎక్కడుందో తెలియదు కదా, ఇక్కడా అంతే.

మరి ఎలా కనుక్కోవాలి? నేను నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్తాను, మిగతాదంతా దీని వివరమే: డిజైనర్ మార్చిన చోట చూడకండి, మార్చాల్సిన అవసరం రాని చోట చూడండి. కొత్తగా చూసేవాళ్లందరూ ముఖం దగ్గర మొదలుపెడతారు, నేనూ అలాగే చేశాను. ముఖం, జుట్టు, హెల్మెట్, బట్టల రంగు, ఇవన్నీ కొత్త పాత్ర కోసం మొదట మార్చేవి. ఎదురుగా మీటింగ్‌లో కూర్చున్న పెద్దలు చూసేది వాటినే కాబట్టి అతని కష్టమంతా అక్కడే పోతుంది. అరికాలు, మోకాలి వెనక మడత, చేతి వేళ్ల మధ్య సందు, నడుము వెనక బట్ట ముడత, వీటిని ఎవడూ చూడడు కాబట్టి వాటిని అలాగే వదిలేస్తాడు. పాత బొమ్మ అక్కడే బతికి ఉంటుంది.

పని మొదలుపెట్టేముందు మీ చేతిలో (లేదా ఫోటోలో) ఉన్నది ఏ దశ బొమ్మో తేల్చుకోండి, ఇది తప్పితే మిగతా అంతా తప్పుతుంది. మొదట వచ్చేది కిట్‌బ్యాష్, అంటే ఉన్న బొమ్మల్ని, మోడల్ కిట్ల ముక్కల్ని కోసి, అతికించి, రంగు వేసి ఆలోచన చూపించడానికి చేసింది. పాత బొమ్మ నేరుగా దొరికేది ఇందులోనే. తర్వాత శిల్పి మైనంలోనో మరోదానిలోనో కొత్తగా చెక్కుతాడు, దాని నుంచి యురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌లో పోసేది హార్డ్‌కాపీ (స్టార్ వార్స్ బొమ్మలు చేసిన కెన్నర్ కంపెనీవి చాలావరకు ఆకుపచ్చగా ఉంటాయి, చేతులూ కాళ్లూ సన్నని పిన్నులతో నిలబడతాయి). చివర్లో ఉక్కు అచ్చులో పరీక్షగా పోసినవి ఫస్ట్ షాట్లు, వీటి రంగు అసలు బొమ్మ రంగుతో సంబంధం లేకుండా ఉండొచ్చు, కాపీరైట్ అక్షరాలు ఉండకపోవచ్చు. అక్షరాలు లేవు కాబట్టి ఇది ఏదో పాత బొమ్మని గీకి చేసింది అని ఫస్ట్ షాట్ చూసి పొరబడేవాళ్లు చాలామంది. గీకితే గీకిన గుర్తు ఉంటుంది, అసలు అక్షరాలు లేని చోట ఉపరితలం నున్నగా ఉంటుంది. గోటితో తడిమినా తేడా తెలుస్తుంది.

తర్వాత అనుమానితుల పట్టిక. డిజైనర్ ఏ బొమ్మ వాడి ఉంటాడో ఊహించాలంటే ఆ రోజు అతని బల్ల మీద ఏమేం ఉండొచ్చో ఆలోచించాలి. రెండే చోట్ల నుంచి వస్తాయి: సొంత కంపెనీ గోడౌన్, పక్కనున్న బొమ్మల షాపు. మాటెల్ వాళ్లకి బిగ్ జిమ్ ఇంట్లోనే ఉంది. కెన్నర్ వాళ్లు మాత్రం షాపు వైపు చూశారు, ఆ కథ వివరంగా చెప్పుకోవాలి.

1977లో స్టార్ వార్స్ బొమ్మల హక్కులు తెచ్చుకున్న కెన్నర్, అమెరికాలో సిన్సినాటి ఊరి కంపెనీ, ఒక చిక్కులో పడింది. అప్పటిదాకా హీరో బొమ్మ అంటే 12 అంగుళాలు, కనీసం 8. ఆ లెక్కన చేస్తే అంతరిక్ష నౌక మంచమంత అవుతుంది, ఎవరూ కొనరు. బొమ్మ చిన్నదైతేనే నౌకలు అమ్ముడుపోతాయి. అప్పటికి 3.75 అంగుళాల మనిషి బొమ్మలు ఫిషర్-ప్రైస్ వాళ్లవి, అడ్వెంచర్ పీపుల్ అని, 1970ల మధ్య నుంచే షాపుల్లో ఉన్నాయి: టీవీ కెమెరా బృందం, అడవి గస్తీ దళం, సముద్రంలో దిగేవాళ్లు, ఇలాంటి సెట్లు. మెడ, రెండు భుజాలు, రెండు తుంట్లు, మొత్తం ఐదు కీళ్లు. కెన్నర్ డిజైనర్లు వాటినే కోసి, పుట్టీ పెట్టి, రంగు వేసి స్టార్ వార్స్ పాత్రలుగా మార్చి ఈ సైజు పనిచేస్తుందని చూపించారు. 1978లో పిల్లల చేతికొచ్చిన అసలు బొమ్మలు కొత్తగా చెక్కినవే, కానీ సైజు, ఐదు కీళ్లు అక్కడి నుంచి వచ్చినవే.

ఇందులోంచి రెండు పాఠాలు తీసుకోండి. ఒకటి, అమ్మిన బొమ్మ సైజుని బట్టి ప్రోటోటైప్ సైజు ఊహించకండి. స్టార్ వార్స్‌లో కిట్‌బ్యాష్, అమ్మిన బొమ్మ దాదాపు ఒకే ఎత్తు. హీ-మ్యాన్‌లో అలా కాదు, స్వీట్ వాడిన బిగ్ జిమ్ 9.5 అంగుళాలైతే అమ్మిన హీ-మ్యాన్ 5.5. పక్కన ఏ వస్తువూ లేని ఫోటోలో ఆ తేడా మీకు కనపడదు. రెండు, ఐదు కీళ్లు ఉన్నాయి కాబట్టి ఇది అడ్వెంచర్ పీపులే అని అనేయకండి. ఆ తర్వాత ఆ సైజులో వచ్చిన బొమ్మలు లెక్కలేనన్నింటికి ఐదు కీళ్లే. అందరూ పాటించే పద్ధతి సాక్ష్యం కాదు, ఒక్కడే చేసిన వింత సాక్ష్యం.

ఆ వింతకి నాకు బాగా నచ్చే ఉదాహరణ 1964 నాటి 12 అంగుళాల జి.ఐ. జో, హాస్‌బ్రో అనే అమెరికా కంపెనీ అమ్మిన సైనికుడి బొమ్మ. దాని కుడి చేతి బొటనవేలి గోరు తప్పు వైపు, లోపలి పక్కకి ఉంటుంది. ఇంకెవరైనా ఆ బొమ్మను అచ్చు తీసి అమ్మితే ఆ గోరే పట్టిస్తుంది, చెంప మీద గాటు కూడా అందుకే పనికొచ్చింది. ఎవరూ సొంతంగా చెక్కేటప్పుడు గోరుని అటు పెట్టరు. మీరు వెతకాల్సింది ఇలాంటివే.

చేతుల దగ్గర మొదలుపెట్టండి. చేతులు చెక్కడం కష్టం కాబట్టి కిట్‌బ్యాష్ చేసేవాడు వాటిని ముట్టుకోడు, మహా అయితే చేతితొడుగులా రంగు వేస్తాడు. వేళ్లు ఎంత మడిచి ఉన్నాయి, బొటనవేలు ఎటు చూస్తోంది, పిడికిలి సందు గుండ్రంగా ఉందా నలుపలకలుగా ఉందా చూడండి. కెమెరా పట్టుకోవడానికి చేసిన చెయ్యి, తుపాకీ పట్టుకోవడానికి చేసిన చెయ్యి ఒకలా ఉండవు, కొత్త ఆయుధం ఆ పిడికిట్లో వదులుగానో వంకరగానో కూర్చుంటే అది మరో వస్తువు కోసం చేసిన పిడికిలని అర్థం. తర్వాత తుంటి కీలు: కాలు మొండేనికి కలిసే గీత నిటారుగా ఉందా ఏటవాలుగా ఉందా, కూర్చోబెడితే కాళ్లు దగ్గరికి వస్తాయా విడిపోతాయా. దీన్ని మార్చాలంటే బొమ్మను సగానికి కోయాలి కాబట్టి ఎవరూ మార్చరు. ఆ తర్వాత బట్ట ముడతలు. మోచేతి లోపల మూడు ముడతలు, వాటిలో మధ్యది రెండుగా చీలింది అనుకోండి, ఇంకో శిల్పి చేతిలో అది మళ్లీ అలాగే రావడం దాదాపు జరగదు. బెల్టు, జేబు, బూటు పై అంచు పుట్టీతో కప్పేసి ఉండొచ్చు, కానీ కప్పిన చోట కొద్దిగా ఎత్తు మిగులుతుంది, పక్క నుంచి వెలుతురు పడితే తెలుస్తుంది. చివరగా అరికాళ్లు, అతుకు గీతలు. పోత బొమ్మకి పక్కల వెంట ఒక సన్నని గీత ఉంటుంది, ఆ గీత చేతి మీద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో బొమ్మ బొమ్మకీ వేరు.

కన్ను అలవాటు పడాలంటే ప్రోటోటైప్‌ల మీద కాకుండా సమాధానం తెలిసిన లెక్కల మీద సాధన చేయండి. కెన్నర్ 1991లో రాబిన్ హుడ్ సినిమా బొమ్మలు తెచ్చింది. అందులో ఫ్రయర్ టక్ ఒళ్లు 1983 నాటి స్టార్ వార్స్ గమోరియన్ గార్డ్‌ది, రాబిన్ హుడ్ ఒళ్లు సూపర్ పవర్స్ సిరీస్‌లోని గ్రీన్ ఆరోది, బొమ్మల్ని పెట్టి ఆడుకునే అడవి ప్లేసెట్ అచ్చంగా స్టార్ వార్స్‌లోని ఈవాక్ విలేజ్ సెట్టే. ఈ జతల ఫోటోలు ఎక్కడైనా దొరుకుతాయి. తలలు అరచేత్తో మూసేసి, ఒళ్లు మాత్రమే చూస్తూ ఒక్కో పోలికా కాగితం మీద రాయండి. ఒక సాయంత్రం ఇలా కూర్చుంటే మర్నాటి నుంచి ఏ బొమ్మ చూసినా కన్ను ముందు తల మీదికి పోదు.

ఫోటో మాత్రమే ఉన్నప్పుడు కొలతలు లెక్కేసి తేల్చాలని అందరూ ప్రయత్నిస్తారు, భుజం నుంచి తుంటి ఎంత, తుంటి నుంచి మడమ ఎంత అని. నిష్పత్తులు కొంతవరకు పనికొస్తాయి, కానీ కెమెరా కింద నుంచి పెడితే కాళ్లు పొడుగవుతాయి, లెక్క తారుమారు. దానికన్నా నమ్మకమైన పద్ధతి, అనుమానం ఉన్న పాత బొమ్మని తెచ్చి అదే ఫోటోని మళ్లీ తీయడం. అదే ఎత్తు, అదే వైపు వెలుతురు, చేతులూ కాళ్లూ అదే కోణం. తర్వాత ఫోన్‌లోనే ఒక దాని మీద ఒకటి సగం పారదర్శకంగా పెట్టి చూడండి. నీడలు కూడా ఒకే ఆకారంలో పడితే మీరు దగ్గరికి వచ్చినట్టే. ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోకండి, పాత కేటలాగుల్లో ఫోటోలు కుడి ఎడమలు తిప్పి వేసినవి ఉంటాయి. ఒకసారి నేను సరైన బొమ్మనే చేతిలో పట్టుకుని, చొక్కా జేబు ఎడమ పక్క ఉండాల్సింది కుడి పక్క ఉందని దాన్ని కాదనుకుని పక్కన పడేశాను. రెండు వారాల పాటు మిగతా బొమ్మలన్నీ తిరగేశాక, ఫోటో మూలలో ఉన్న అక్షరాలు తలకిందులుగా కాదు, అద్దంలోలా ఉన్నాయని అప్పుడు చూశాను. అప్పటి నుంచి ఏ ఫోటో అయినా ముందు తిప్పి ఒక కాపీ చేసుకుంటాను.

ఇంకో మాట, పాత కేటలాగులు పారేయకండి, చులకనగా చూడకండి. కేటలాగు అచ్చయ్యే నాటికి అసలు బొమ్మలు ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాకపోతే ప్రోటోటైప్‌లకే ఫోటో తీసి వేసేవాళ్లు. అమ్మిన బొమ్మకీ కేటలాగులో బొమ్మకీ తేడా కనపడిన ప్రతి చోటా వేలు పెట్టి ఆగండి.

బొమ్మ చేతికి వస్తే మొదట చేయకూడనిది చెప్తాను. రంగు కింద ఏముందో చూద్దామని అసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్, గీకుడు కాగితం, ఇవేవీ దగ్గరికి రానీయకండి. పైనున్న రంగే ఆ బొమ్మ చరిత్ర, అది పోతే మీ దగ్గర మిగిలేది ఒక సాధారణ పాత బొమ్మ. వయసు వల్ల రంగు లేచిన చోట్లు ఎలాగూ ఉంటాయి, కీళ్ల దగ్గర రాసుకుని, మడమ దగ్గర. అక్కడ పది రెట్ల లెన్సు పెట్టి కింద ప్లాస్టిక్ ఏ రంగో చూడండి. అనుమానం ఉన్న పాత బొమ్మ ఏ రంగు ప్లాస్టిక్‌లో వచ్చిందో దానితో సరిపోవాలి. తర్వాత వీపు, కాళ్ల వెనక కాపీరైట్ అక్షరాలు గీకేసిన గుర్తులు వెతకండి, గీకినా ఒక అక్షరం తోకో, గుండ్రని గుర్తు అంచో మిగలొచ్చు. ఆ అక్షరాలు ఉండే చోటే ఒక ఆధారం, ఎందుకంటే ఒక్కో కంపెనీ ఒక్కో చోట వేస్తుంది.

అక్షరాల్లో ఏడాది కనపడితే దాన్ని ఎలా చదవాలో తెలియాలి. అది శిల్పానికి హక్కు తీసుకున్న ఏడాది, బొమ్మ పోసిన ఏడాది కాదు. స్టార్ వార్స్ మొదటి బొమ్మల మీద 1977 ఉంటుంది, అవి పిల్లలకు చేరింది 1978లో, ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే ఏడాదితో అమ్మారు. కాబట్టి ఆ అంకె ఒక్కటే చెప్తుంది: బొమ్మ ఇంతకన్నా ముందుది కాదు. ఇది చిన్న విషయంలా ఉంది కానీ నకిలీని పట్టించేది చాలాసార్లు ఇదే. 1977 నాటి ప్రోటోటైప్ అని అమ్ముతున్న దాని కింద 1979 బొమ్మ తేలితే ఇంకేం మాట్లాడక్కర్లేదు.

అదే పాత బొమ్మని రబ్బరు అచ్చు తీసి మళ్లీ పోసి వాడారా అన్నది కొలిస్తే తెలుస్తుంది. పోత పదార్థం గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది, అందుకని మళ్లీ పోసింది అసలు దానికన్నా వెంట్రుకవాసి చిన్నదవుతుంది. మామూలు స్కేలు చాలదు, వెర్నియర్ కాలిపర్‌తో చేతి మందం, పాదం పొడుగు కొలిచి అసలు బొమ్మతో పోల్చండి. అన్ని చోట్లా ఒకే పాళ్లలో తగ్గితే అది పోత.

ఇప్పుడు డబ్బు సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. కింద ఏ బొమ్మ ఉందో కనుక్కోవడం వేరు, అది నిజమైన ప్రోటోటైప్ అని రుజువు చేయడం వేరు. పాత అడ్వెంచర్ పీపుల్ బొమ్మలు ఇప్పటికీ దొరుకుతాయి, ఎవరైనా ఒకటి కొని, మన ఎం-సీల్ లాంటి పుట్టీ పెట్టి, తెల్ల రంగు వేసి తెచ్చి చూపిస్తే మీరు చేతులు, ముడతలు, అరికాళ్లు అన్నీ సరిపోల్చి భేష్ అనుకుంటారు, నిజంగానే సరిపోతాయి కూడా. ఒకతను అలాంటిదే నాకు చూపించాడు, కింద బొమ్మ సరైనదే, కాలమూ సరిపోయింది, కానీ ఎక్కడి నుంచి వచ్చిందంటే రోజుకో మాట చెప్పాడు, నేను కొనలేదు. ఆనాటి ఫోటోలో ఉన్న అదే ముక్కేనా (పుట్టీ మీద వేలిముద్ర, రంగు కారిన చుక్క, ఇవి ఫోటోతో సరిపోవాలి), కంపెనీలో పనిచేసిన ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, కాగితాలు ఉన్నాయా, ఇవి లేకుండా లక్షలు పోయకండి. మీ పరిశీలన ఒక బొమ్మను నకిలీ అని తేల్చగలదు, అసలు అని ఒక్కటే తేల్చలేదు.

పోలిక ఎంత ఉంటే ఖాయం అనొచ్చు? నా లెక్క ఇది: ఒకదానికొకటి సంబంధం లేని మూడు చోట్ల, పాత్రకి ఏ ఉపయోగమూ లేని వివరాలు సరిపోవాలి, సరిపోని చోటల్లా అక్కడ డిజైనర్ చెయ్యి పెట్టాడని కారణం చూపించగలగాలి. రెండే ఉంటే అనుమానం అని రాస్తాను, ఒకటే ఉంటే అసలు బయటికి చెప్పను. ఒకే బొమ్మ అయి ఉండాలనీ లేదు, తల ఒకదానిది, ఒళ్లు ఇంకోదానిది, వీపు మీద సంచి ఏదో యుద్ధ ట్యాంకు కిట్ ముక్క కావొచ్చు, కాబట్టి ఒళ్లు తేలగానే ఆగిపోకండి.

మన దేశంలో ఉన్నవాళ్లకి ఆ అమెరికా ప్రోటోటైప్‌లు చేతికందవు, సాధన చేయడానికి మాత్రం మన దగ్గర మంచి సరుకు ఉంది. దూరదర్శన్‌లో హీ-మ్యాన్ వచ్చే రోజుల తరం వాళ్ల ఇళ్లలో లియో వాళ్లు ఇక్కడ తయారుచేసిన హీ-మ్యాన్ బొమ్మలు అటకల మీద ఇంకా ఉండొచ్చు. ఫన్‌స్కూల్ 1987 నుంచి హాస్‌బ్రోతో కలిసి నడిచిన కంపెనీ, వాళ్ల జి.ఐ. జోలు అమెరికాలో ఎప్పుడూ రాని రంగుల్లో వచ్చాయి. ఒకే అచ్చు, వేరే రంగు, వేరే పేరు, అంటే రంగుని మర్చిపోయి ఆకారాన్ని చూడటం నేర్పే బడి మనింట్లోనే ఉందన్నమాట. మా అమ్మ దాచిన పెట్టెలోంచి తీసిన రెండు జోలతోనే నేను అతుకు గీతలు చదవడం నేర్చుకున్నాను.

నోట్సు రాసుకునేటప్పుడు తేదీ, ఫోటో ఎక్కడిది, ఏ ఏ చోట్ల సరిపోయింది, ఏ చోట్ల సరిపోలేదు అన్నీ రాయండి. కాదని తేలిన బొమ్మల పేర్లు కూడా, ఎందుకు కాదో ఒక్క వాక్యంతో రాసి పెట్టండి. రెండేళ్ల తర్వాత ఇంకెవరో అదే ఫోటో పట్టుకుని మీ దగ్గరికి వస్తే, వాళ్లు మళ్లీ మొదటి నుంచి ఆ ఇరవై బొమ్మలూ తిరగేయక్కర్లేదు.